పడుకుని ఎక్కినా నిలబడి ఎక్కినా కెరటం ఒకటే గదా? కొత్తపట్నంలో జరిగినదాని మీద చర్చ

పాకల_ఉప్పుగాలి
ఆదివారం, రాత్రి 8.15

నా మాట ముందే సూటిగా చెప్తా. కెరటం విరిగే చోటికి ఎవరు దగ్గరగా ఉండి ఎక్కితే ఆ కెరటం వాళ్ళది. బోర్డు మీద బోర్లా పడుకున్నాడా, మోకాలి మీద ఉన్నాడా, నిలబడ్డాడా అన్నది లెక్కలోకే రాదు. సర్ఫింగ్ తెలిసిన ఏ తీరంలో అడిగినా ఇదే చెప్తారు. మన ప్రకాశం, నెల్లూరు వైపు మాత్రం ఈమధ్య వేరే లెక్క మొదలైంది. అది నాకు నచ్చలేదు.

నాది బాడీబోర్డు, అంటే బోర్లా పడుకుని ఎక్కే పొట్టి మెత్తటి బోర్డు. ఈ పొద్దున కొత్తపట్నంలో నేను దక్షిణం వైపు పీక్ (కెరటం ముందుగా లేచి విరిగే చోటు) నుంచి ఎక్కి కుడికి, అంటే ఉత్తరానికి తిరిగా. ఇంకా విరగని వైపు కూర్చున్న ఒకాయన పెద్ద బోర్డుతో సరిగ్గా నా ముందుకు దిగాడు. ఆయన బోర్డు కింద గట్టి ఫిన్లు, అంటే రెక్కలు, ఉంటాయి. పడుకున్నవాడి మొహం సరిగ్గా ఆ ఎత్తులోనే ఉంటుంది. బోర్డుతో సహా కెరటంలోకి దూరి వెనకవైపు తేలా. తర్వాత దగ్గరికెళ్ళి మర్యాదగానే అడిగా. "పడుకుని జారేవాడికి ప్రయారిటీ ఏంది తమ్ముడూ, నిలబడేవాళ్ళకి ఖాళీ కావాల" అన్నాడు. పక్కనున్నోళ్ళు నవ్వారు.

ఆయన పేరూ ఊరూ ఇక్కడ పెట్టను, ఎవరూ అడగొద్దు. నిలబడటం పై మెట్టు, పడుకోవటం కింది మెట్టు అనే ఆలోచన మన దగ్గర పాతుకుపోక ముందే మాట్లాడుకోవాలని రాస్తున్నా. నిలబడేవాళ్ళలో నేను గౌరవించేవాళ్ళు చాలామంది ఈ గుంపులోనే ఉన్నారు.

నెల్లూరు_లాంగ్‌బోర్డ్
ఆదివారం, రాత్రి 8.52

దెబ్బ తగల్లేదు గదా తమ్ముడూ? ఆయన చేసింది డ్రాప్-ఇన్, అంటే వేరేవాడు ఎక్కిన కెరటం మీద వాడి ముందుకు దిగటం, దాంట్లో రెండో మాట లేదు. నేను నిలబడేవాణ్ణే. చెన్నై దగ్గర కోవళంలో నేర్చుకున్నా. నీళ్ళలోకి దించక ముందే ఇసకలో గీతలు గీసి ఈ నియమం నేర్పించారు.

అయితే మా వైపు మాట కూడా విను. మాకు రెండు బాధలున్నాయి.

ఒకటి, మీరు పాదాలకి ఈత ఫిన్లు తొడుక్కుని కాళ్ళతో తన్నుకుంటా పీక్ లోపలికంటా వెళ్ళిపోతారు. కెరటం నిటారుగా లేచాక కూడా మీరు ఎక్కగలరు, మేం ఎక్కలేం. మేం చేతుల్తో తెడ్డేసి, వేగం అందుకుని, లేచి నిలబడాలి. ఆ లేచే క్షణానికి కెరటం కొంచెం ముందుగానే దొరకాలి. లోపలున్నోడిదే హక్కు అన్నప్పుడు, ఎప్పుడూ లోపల మీరే ఉంటే హక్కంతా మీదే అవుతుంది.

రెండోది ఇంకా బాధ. మీలో కొందరు ఎక్కిన కెరటం ముందున్న గోడంతా ఒక్కసారే కూలిపోతుందని తెలిసి కూడా ఎక్కుతారు. రెండు సెకన్లు దాని కడుపులో ఉండి నురుగులో కొట్టుకుపోతారు. మీకది ఆనందమే, కాదనను. కానీ ఆ కెరటంలోనే ఇరవై గజాలు ఇవతల కూర్చున్న మాకు ఒడ్డుదాకా వచ్చే దారి ఉంటుంది. మీరు ఎక్కారని మేం ఆగిపోతాం. ఆ కెరటం ఎవరికీ కాకుండా పోతుంది.

ఇంకోటి, నిలబడటానికి నెలలు పడుతుంది. ఆ కష్టానికి విలువ ఇవ్వమంటే తప్పేముంది?

పాకల_ఉప్పుగాలి
ఆదివారం, రాత్రి 9.10

అన్నా, దెబ్బేం లేదు. మీ కష్టానికి విలువ ఎప్పుడూ ఇస్తా. కానీ కష్టపడి నేర్చుకున్నంత మాత్రాన వేరేవాడి కెరటం మీద హక్కు వస్తుందా? మీరు లాంగ్‌బోర్డుతో మాకంటే ఎంతో దూరంలో, కెరటం ఇంకా ఉబ్బుగా ఉన్నప్పుడే ఎక్కేస్తారు. నీళ్ళు చిన్నగా ఉన్న రోజు ఆ తొమ్మిదడుగుల బోర్డుకి అందని కెరటం ఉండదు. ఆ రోజుల్లో మేం లోపల కూర్చుని మీరు వదిలేసినవే ఏరుకుంటాం. దానికి మేమెప్పుడూ గొడవ పెట్టుకోలేదు.

రెండో బాధ మాత్రం న్యాయమైందే. కూలిపోయే కెరటం అని తెలిస్తే "నువ్వు పో అన్నా" అని అరవటానికి ఒక్క సెకను చాలు. మా కుర్రాళ్ళకి చెప్తా.

కావలి_కుర్రోడు
ఆదివారం, రాత్రి 9.21

నేను కొత్త. తుమ్మలపెంట దగ్గర కెరటాల్లో దిగుతా. ఇద్దరూ ఒకేసారి ఎక్కితే ఎట్టా అన్నా? ఒకడు ఎడమకి, ఒకడు కుడికి పోవచ్చా?

నెల్లూరు_లాంగ్‌బోర్డ్
ఆదివారం, రాత్రి 9.30

పోవచ్చు. కెరటం మధ్యలో ముందు లేచి రెండు వైపులా విరిగేటట్టుంటే ఒకడు ఎడమ, ఒకడు కుడి. ముందే గట్టిగా అరిచి చెప్పాల. ఒకే వైపు విరిగేటట్టుంటే విరిగే చోటికి దగ్గరున్నోడు ఎక్కుతాడు, రెండోవాడు వెనక్కి లాగేస్తాడు. లోపలికి ఈదుకుంటా వెళ్ళేటప్పుడు కెరటం మీద వచ్చేవాడి దారికి అడ్డం పోకూడదు, నురుగు వైపు నుంచి చుట్టు తిరిగి పోవాల. నురుగులో నాలుగు దెబ్బలు తిన్నా పర్లేదు. అన్నిటికంటే ముఖ్యం, భయపడి బోర్డు వదిలేయొద్దు. వెనకున్నోడి తల మీద పడుతుంది.

తెప్ప_మనవడు
ఆదివారం, రాత్రి 10.05

మాది కొత్తపట్నం పక్కన పల్లెపాలెం. మా తాత తెప్ప మీద వేటకి పోయేవాడు. ఆయన్ని చూసి పెరిగినోణ్ణి కాబట్టి ఈ పడుకోవటం, నిలబడటం గొడవ నాకు వింతగా ఉంది.

తెప్ప అంటే కొయ్య దుంగలు కలిపి కట్టిందే గదా. విరిగే కెరటాలు దాటేటప్పుడు మోకాళ్ళ మీద కూర్చుని తెడ్డేస్తారు. అవతలి నీళ్ళలోకి పోయాక నిలబడి చుట్టూ చూస్తారు. తిరిగి వచ్చేటప్పుడు కెరటం వెనక నుంచి ఎత్తిందంటే మళ్ళీ వంగి, బరువు వెనక్కి వేస్తారు, లేదంటే ముక్కు ఇసకలో గుచ్చుకుంటుంది. ఎప్పుడు కూర్చోవాలో ఎప్పుడు నిలబడాలో నీళ్ళే చెప్తాయి. నిలబడ్డోడు గొప్పోడు, కూర్చున్నోడు తక్కువోడు అని మా పాలెంలో ఎవరూ అనుకోలేదు. తెప్ప తిరగబడకుండా ఒడ్డుకు తెచ్చినోడు మొనగాడు.

మీ ఇద్దరికీ కలిపి ఒక మాట. ఏప్రిల్ 15 నించి జూన్ 14 దాకా వేట నిషేధం. అప్పుడు పడవలన్నీ ఇసక మీదే ఉంటాయి, మీకు సముద్రం ఖాళీగా కనపడుతుంది. జూన్ 15 నించి కథ వేరే. పడవ కెరటం మీద ఒడ్డుకి వస్తుంటే దాన్ని ఆపటం మా వాళ్ళ చేతిలో ఉండదు. ఇంజను ఉన్న పడవ, వలా చేపలూ కలిసి ఎంత బరువు ఉంటుందో మీరే అనుకోండి. పడవకి మీరిద్దరూ దారి ఇవ్వాల. ఒడ్డు మీద నించి అలివి వల లాగుతుంటే ఆ రెండు తాళ్ళ మధ్యలోకి రావద్దు. మా పెద్దోళ్ళకి మీ బోర్డుల మీద కోపం లేదు. వల మీద నించి ఈదుకుంటా పోతే మాత్రం వస్తుంది.

పాకల_ఉప్పుగాలి
ఆదివారం, రాత్రి 10.12

వల సంగతి మావాళ్ళకి ఇప్పుడే పంపా తమ్ముడూ. మీ పాలెం వాళ్ళ ముందు మేమంతా చుట్టాల్లాంటి వాళ్ళమే, దారి మీదే.

అలల_చరిత్ర
ఆదివారం, రాత్రి 11.20

నిద్ర రాక రాస్తున్నా, కొంచెం పొడుగ్గా ఉంటుంది.

నిలబడటమే అసలు సర్ఫింగ్, పడుకోవటం తర్వాతెప్పుడో పిల్లల కోసం వచ్చింది అనుకునేవాళ్ళు హవాయి చరిత్ర చూడాలి. అక్కడ పాతకాలం నుంచీ బోర్డులు చాలా రకాలు. రాజవంశీకులు ఎక్కే పొడుగాటి ఓలో, సన్నటి అలాయియా, పొట్ట కింద పెట్టుకునే పొట్టి పైపో. కెప్టెన్ కుక్ ఓడలు హవాయి చేరిన 1778 నాటికే ఆ దీవుల్లో ఆడా మగా, పిల్లా పెద్దా అందరూ కెరటాలెక్కేవాళ్ళు. పడుకునీ ఎక్కారు, మోకాళ్ళ మీదా ఎక్కారు, నిలబడీ ఎక్కారు.

ఇప్పుడు మనం వాడే మెత్తటి బాడీబోర్డు టామ్ మోరీ పని. ఆయన ఇంజనీరు, స్వయంగా మంచి లాంగ్‌బోర్డరు, బోర్డులు తయారుచేసేవాడు. 1971 జూలై 7న, హవాయి పెద్ద దీవిలో ఉండగా, పాలిథిలీన్ ఫోమ్ షీట్‌ని కోసి, దాని మీద న్యూస్‌పేపర్ పరిచి ఇస్త్రీపెట్టెతో రుద్ది ఆకారం తెచ్చాడు. బాడీబోర్డుని కనిపెట్టింది నిలబడేవాడే. ఈ చర్చలో ఉన్న నిలబడేవాళ్ళంతా ఇది గుర్తుపెట్టుకుంటే బాగుంటుంది. 2021లో పోయాడాయన.

ఇక మైక్ స్టీవర్ట్. బాడీబోర్డింగ్‌లో 9 సార్లు ప్రపంచ ఛాంపియన్. ఓఅహూ దీవి ఉత్తర తీరంలో పైప్‌లైన్ అనే కెరటం ఉంది, పగడపు దిబ్బ మీద విరుగుతుంది, ప్రాణాలు తీసిన చోటు. అక్కడ నీళ్ళలో కూర్చున్న నిలబడే వీరులంతా స్టీవర్ట్ పీక్ దగ్గరికి వస్తే జరిగి చోటిచ్చేవాళ్ళు. ఆయన ఏ బోర్డు మీదున్నాడని ఎవరూ చూడలేదు. ఏ కెరటం ఎక్కడ విరుగుతుందో ఆయనకి తెలిసినంతగా తెలిసినవాళ్ళు ఆ నీళ్ళలో తక్కువ.

తహితీలో తెయాహుపో కెరటం తెలుసు కదా? పారిస్ ఒలింపిక్స్ 2024లో సర్ఫింగ్ పోటీ పెట్టింది అక్కడే. ఆ కెరటాన్ని బయటి ప్రపంచానికి తెలియక ముందే ఎక్కినవాళ్ళలో మైక్ స్టీవర్ట్, బెన్ సెవర్సన్ ఉన్నారు, 1986లో. ఇద్దరూ బాడీబోర్డర్లే. ఒలింపిక్స్‌లో మాత్రం బాడీబోర్డింగ్ లేదు. టోక్యోలో లేదు, పారిస్‌లో లేదు. దారి చూపినవాళ్ళకి ఆ పందిట్లో చోటు దొరకలేదన్న బాధ నాకు నిజంగా ఉంది.

రుషికొండ_రాజు
సోమవారం, ఉదయం 6.40

వైజాగ్‌లో నేర్చుకుని ఇప్పుడు ఉద్యోగం మీద ఒంగోల్లో ఉంటున్నా. నిలబడేవాణ్ణి. చరిత్రంతా ఒప్పుకుంటా. కానీ ఒలింపిక్స్‌లో లేదంటే కారణం కూడా ఉంటుంది. నిలబడి చేసే మలుపుల్లో చూసేవాళ్ళకి ఒక గీత కనపడుతుంది. కెరటం అడుక్కి దిగి, బాటమ్ టర్న్ తీసుకుని, అంచు దాకా ఎగిరి, మళ్ళీ వెనక్కి కట్‌బ్యాక్. శరీరం మొత్తం ఆ మలుపులో ఉంటుంది. పడుకుని చేస్తే ఆ అందం రాదని నా అభిప్రాయం. తక్కువ చేసి అనట్లేదు, నాకు అనిపించింది చెప్తున్నా.

పాకల_ఉప్పుగాలి
సోమవారం, ఉదయం 7.05

రాజన్నా, మలుపుల అందం మీదే, ఒప్పుకుంటా. ట్యూబ్, అంటే విరిగే కెరటం లోపలి గొట్టం, ఆ అందం మాది. కెరటం నడుమెత్తు ఉన్నా మేం దాని కడుపులో పడతాం. మీకు తల పట్టాలంటే అది మనిషెత్తు లేవాలి. మన తీరంలో మనిషెత్తు ట్యూబులు ఏడాదిలో ఎప్పుడో గానీ రావు. కెరటం అంచుని స్ప్రింగులా వాడుకుని గాల్లోకి లేచి, కెరటంతో పాటే ఒక పక్కకి దొర్లి దిగటం ఉంది, ఎల్ రోలో అంటారు. అది ఎవరైనా బాగా చేస్తుంటే ఒడ్డున నిలబడి చూడండి, అభిప్రాయం మారొచ్చు.

డ్రాప్-నీ కూడా ఉంది గదా, బాడీబోర్డు మీదే ఒక మోకాలు ఆనించి, ఇంకో పాదం ముందుకు పెట్టి తొక్కటం. మీరు చెప్పే గీత దాంట్లో చక్కగా పడుతుంది. మా వాళ్ళలోనే అది వచ్చినవాళ్ళు తక్కువ, అంత కష్టం.

పెన్నా_మాస్టారు
సోమవారం, ఉదయం 9.30

నేను బోర్డు ఎక్కినవాణ్ణి కాను. భూగోళం చెప్పి రిటైరైనవాణ్ణి, మైపాడు ఒడ్డున నడిచేవాణ్ణి. మీరు ఇద్దరూ మనిషి గురించే మాట్లాడుతున్నారు, కెరటం గురించి ఎవరైనా చెబితే బాగుంటుందని రాస్తున్నాను.

కెరటం ఎత్తుకి సుమారు 1.3 రెట్ల లోతుకి నీళ్ళు వచ్చేసరికి అది విరుగుతుంది. ఒడ్డు మెల్లగా వాలుతూ ఉంటే కెరటం దూరం నుంచే పైన కొంచెం కొంచెంగా నురుగు కక్కుతూ చాలాసేపు నడుస్తుంది. నేర్చుకునే నిలబడేవాళ్ళకి కావలసింది అలాంటిదే. ఒడ్డు నిటారుగా ఉంటే లోతు ఒక్కసారిగా తగ్గిపోతుంది, కెరటం అంచు ముందుకి విసురుగా పడి ఇసకని కొడుతుంది. మన జిల్లాల తీరంలో చాలాచోట్ల జరిగేది ఈ రెండోది. పాకల అబ్బాయి వాళ్ళ బోర్డు ఇక్కడ బాగా నడవటానికి కారణం ఇదే అని నాకు తోస్తుంది. లేచి నిలబడే సమయం ఈ కెరటం ఇవ్వదు.

కానీ ఇది ఏడాదంతా ఒకేలా ఉండదు. మన తూర్పు తీరం వెంట ఇసక నైరుతి నెలల్లో దక్షిణం నుంచి ఉత్తరానికి, ఈశాన్య రుతుపవనాలప్పుడు తిరిగి దక్షిణానికి కదులుతుంది. మొత్తం మీద ఉత్తరానికి వెళ్ళేదే ఎక్కువ. నదీ ముఖద్వారాల దగ్గర, ఓడరేవు గోడల పక్కన ఆ ఇసక ఆగుతుంది, అవతలి వైపు కోత పడుతుంది. కృష్ణపట్నానికి రెండు పక్కలా తీరం ఒకలా ఉండకపోవటం ఇందువల్లనే. ఒడ్డుకి కొంత దూరంలో ఇసక తిన్నె కట్టిన నెలల్లో కెరటం అక్కడ ఒకసారి విరిగి, లోపలి లోతులో సర్దుకుని, ఒడ్డున మళ్ళీ విరుగుతుంది. అలాంటి రోజు గమనించండి. బయటి తిన్నె మీద నిలబడేవాళ్ళు, లోపలి ఒడ్డు విరుపులో పడుకునేవాళ్ళు. ఒకరి దారికి ఒకరు అడ్డం రారు.

గాలి సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పొద్దున పూట పడమటి గాలి నేల మీద నుంచి సముద్రం మీదికి తోలి కెరటాన్ని నిలబెడుతుంది. మధ్యాహ్నానికి సముద్రపు గాలి మొదలై అంతా చెదిరిపోతుంది. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ రోజూ కెరటాల ఎత్తు, ఎన్ని సెకన్లకొకటి వస్తున్నాయి అన్నది ఇస్తోంది. ఎత్తు ఒక్కటే చూసి బయల్దేరకండి. దక్షిణ మహాసముద్రం నుంచి వేల కిలోమీటర్లు వచ్చే కెరటం 12, 14 సెకన్లకొకటిగా వస్తుంది, ఎత్తు తక్కువున్నా దాని బలం వేరు.

కావలి_కుర్రోడు
సోమవారం, ఉదయం 9.48

మాస్టారూ, ఇది ప్రింట్ తీసి గోడకి అంటించుకుంటా.

నెల్లూరు_లాంగ్‌బోర్డ్
సోమవారం, ఉదయం 10.15

బయటి తిన్నె, లోపలి ఒడ్డు అన్న మాట నాకు బాగా పట్టింది మాస్టారూ. నా బోర్డు ముక్కు ఒడ్డు విరుపులో ఇసకకి తగిలి విరిగింది ఒకసారి. అప్పుడు పక్కనే బాడీబోర్డు కుర్రాళ్ళు అదే కెరటంలోంచి నవ్వుకుంటా వస్తున్నారు. ఆ నీళ్ళు వాళ్ళవే, ఒప్పుకోవటానికి నాకేం అభ్యంతరం లేదు. తిన్నె లేని నెలల్లో, అందరం ఒకే పీక్ మీద కూర్చున్నప్పుడే చిక్కు.

ఒంగోలు_ఫిజియో
సోమవారం, మధ్యాహ్నం 1.10

మా దగ్గరికి వచ్చే దెబ్బల వైపు నుంచి చెప్తా, ఎందుకంటే ఇక్కడ ఎవరు గొప్ప అన్నది పక్కన పెడితే ఎవరికి ఏం జరుగుతుందో ఇద్దరికీ తెలియాలి.

నిలబడేవాళ్ళకి ఎక్కువగా తగిలేది సొంత బోర్డే. ఫిన్ల కోతలు, ముక్కు తగిలి మొహం మీద గాయాలు, భుజం నొప్పి. పడుకునేవాళ్ళకి కోతలు తక్కువ, ప్రమాదం వేరే చోట ఉంది. తల ముందుండి పోతారు. ఒడ్డు విరుపులో నీళ్ళు మోకాలి లోతు కూడా లేనప్పుడు కెరటం తలకిందులుగా విసిరితే బరువంతా మెడ మీద పడుతుంది. మెడ ఎముక విరిగి వెన్నుపాముకి దెబ్బ తగిలితే మనిషి మంచం మీదే ఉండిపోతాడు. "అది పిల్లల ఆట" అనేవాళ్ళు ఇది తెలుసుకోవాలి. ఆ నిటారు కెరటాన్ని తల ముందు పెట్టి ఎక్కటానికి ఎంత తెగువ, ఎంత అంచనా కావాలో ఆలోచించండి.

కాబట్టి కుర్రాళ్ళూ, కెరటం ఇసకని ఊడ్చుకుని గోధుమరంగుగా లేస్తుంటే దాని కింద నీళ్ళు లేనట్టే, ఎక్కొద్దు. పడిపోతే చేతులు తలకి అడ్డం పెట్టుకుని పక్కకి దొర్లండి. ఎవరైనా పడి లేవకపోతే చెయ్యి పట్టుకుని లాక్కురావద్దు. తలా మెడా కదలకుండా రెండు వైపులా పట్టుకుని, మొహం నీళ్ళ పైన ఉంచి, 108కి ఫోన్ చేయించండి.

సింహపురి_ఈత_అక్క
సోమవారం, సాయంత్రం 5.35

పిల్లలకి ఈత నేర్పిస్తా నెల్లూరులో. నిలబడేవాళ్ళు మర్చిపోతున్న సంగతి ఒకటి చెప్పాలి.

మన తీరంలో వెనక్కి లాగే ప్రవాహాలు బలంగా ఉంటాయి. మైపాడు, కోడూరు, తూపిలిపాలెం, కొత్తపట్నం, ఎక్కడైనా సరే సెలవు రోజుల్లో స్నానానికి వచ్చినవాళ్ళు కొట్టుకుపోయిన వార్త చదవని ఏడాది లేదు. అలాంటప్పుడు కాళ్ళకి ఫిన్లు ఉన్న బాడీబోర్డర్ త్వరగా చేరగలడు, మెత్తటి బోర్డు అందించగలడు, మునిగేవాడు దాన్ని గట్టిగా వాటేసుకున్నా ఎవరికీ దెబ్బ తగలదు. పెద్ద బోర్డు ఉన్నవాళ్ళైతే ఇద్దర్ని దాని మీద పడుకోబెట్టి తేలుస్తూ ఉంచగలరు. రెండూ కావాలి. నీళ్ళలో రెండు రకాలవాళ్ళూ మాట్లాడుకునే సంబంధంలో ఉండటం ఎందుకు అవసరమో దీన్నిబట్టి చూడండి. ఒకరి మొహం ఒకరు చూడనివాళ్ళు ఆ సమయంలో ఒకరికొకరు సైగ చేసుకోలేరు.

ఇంకోటి ఆడపిల్లల గురించి. మా దగ్గర ఈత నేర్చుకున్న అమ్మాయిల్లో సముద్రంలోకి దిగినవాళ్ళంతా ముందు బాడీబోర్డుతోనే దిగారు. స్కూటీ మీద పట్టుకుపోవచ్చు, లెగ్గింగ్స్ టీషర్టుతో ఎక్కొచ్చు, మొదటి రోజే కెరటం దొరుకుతుంది. దాన్ని కింది మెట్టు అంటే వాళ్ళు రెండోసారి రారు. హవాయి పైప్‌లైన్‌లో ఆడవాళ్ళ బాడీబోర్డింగ్ ప్రపంచ పోటీ 1990లోనే మొదలైంది. నిలబడి ఆడే ఆడవాళ్ళకి ప్రపంచ టూర్ అక్కడ పూర్తి పోటీ పెట్టింది 2022లో. అంత భయంకరమైన కెరటంలోకి ఆడవాళ్ళు పోటీకి దిగే దారి ముందు తీసింది ఎవరో చూడండి.

కార్తీక పౌర్ణమికి మాత్రం రెండు బోర్డులూ ఇంట్లోనే పెట్టండి. ఒడ్డంతా స్నానాలు చేసేవాళ్ళే ఉంటారు, గాలి ఈశాన్యం నుంచి తోలుతుంది, కెరటం ఎక్కినా ఎటు పోతామో మన చేతిలో ఉండదు. ముసలివాళ్ళు, చంటిపిల్లలు ఉంటారు.

రుషికొండ_రాజు
సోమవారం, రాత్రి 7.50

అక్కా, 1990 సంగతి నాకు ఇప్పుడే తెలిసింది. మా చెల్లికి చూపించా.

ఫిజియో గారు రాసింది చదివాక ఒకటి చెప్పాలి. నిన్న నీళ్ళలో ఆ మాట అన్నాయన నా గుంపులో మనిషి కాదు గానీ, ఇలాంటి మాటలు మా వాళ్ళ నోట కూడా విన్నా. ఇకమీదట వింటే అక్కడే ఆపుతా. మలుపుల అందం విషయంలో మాత్రం నా అభిప్రాయం నాదే.

కావలి_కుర్రోడు
సోమవారం, రాత్రి 8.02

బోర్డు గురించి కూడా ఎవరైనా చెప్పండి. నా దగ్గరున్నది పైన గుడ్డ, లోపల థర్మోకోల్. రెండో వారానికే మధ్యలో పగిలింది.

పాకల_ఉప్పుగాలి
సోమవారం, రాత్రి 8.25

అది బొమ్మ తమ్ముడూ, ఒడ్డు విరుపుకి ఆగదు. పగిలిన పూసలు నీళ్ళలో పోయనీకు, చేపలు తింటాయి. తీసి చెత్తలో వెయ్యి.

కొనేటప్పుడు లోపలి ఫోమ్ ఏదని అడుగు. పాలిథిలీన్ చల్లటి దేశాలకి మంచిది. మన బంగాళాఖాతం నీళ్ళు ఏడాదిలో ఎక్కువ నెలలు 27 నుంచి 30 డిగ్రీలు ఉంటాయి, ఆ వేడికి అది మెత్తబడి వంగిపోతుంది. మనకి పాలిప్రొపిలీన్ కావాలి, గట్టిగా ఉండి వెంటనే తన ఆకారానికి తిరిగొస్తుంది. అడుగున నున్నటి సర్లిన్ ప్లాస్టిక్ షీట్ ఉందో లేదో చూడు. నిలబెడితే బొడ్డు దాకా రావాలి, అది నీ సైజు. ఎండలో ఆపిన కారులో మాత్రం వదలొద్దు, లోపల గాలి ఉబ్బి పై పొర లేచిపోతుంది.

ఫిన్ల మీద డబ్బు తగ్గించుకోకు. ఫిన్లు లేకుండా మెడలోతు నీళ్ళ అవతలికి పోనే పోకు. లీష్, అంటే బోర్డుని మనకి కలిపి ఉంచే తాడు, మోచేతి పైన కండకి కట్టుకో.

తెప్ప_మనవడు
సోమవారం, రాత్రి 9.15

మా బాబాయితో మాట్లాడా. కొత్తపట్నంలో పడవలు దించే చోటికి దక్షిణంగా, సరుగుడు తోట మొదలయ్యే కాడి నించి మీరు దిగితే ఎవరికీ ఇబ్బంది ఉండదన్నాడు. ఇప్పుడు అక్కడ బయట తిన్నె కట్టింది, పాటు నీళ్ళప్పుడు నురుగు గీత కనపడుతుంది. మన దగ్గర పోటుకీ పాటుకీ తేడా మీటరు చుట్టూనే, అయినా ఆ తిన్నె మీద తెలుస్తుంది. పాటు మొదలైన గంట తర్వాత బాగుంటుంది.

పడవ వస్తుంటే మావాళ్ళు ఒడ్డు మీద నించి తువ్వాలు ఊపుతారు. తువ్వాలు కనపడితే రెండు పక్కలకీ జరిగిపోండి. అంతే.

నిర్వాహకుడు
సోమవారం, రాత్రి 9.40

ఈ ఆదివారం పొద్దున 6 గంటలకి కొత్తపట్నం, సరుగుడు తోట దగ్గర కలుద్దామా? పోటీ ఏం లేదు. బయటి తిన్నె నిలబడేవాళ్ళకి, లోపలి విరుపు పడుకునేవాళ్ళకి, మధ్యలో ఎవరు లోపలుంటే వాళ్ళది. కూలిపోయే కెరటం అయితే పిలిచి వదిలేయాలి. ఈత అక్క ఒడ్డున ఉంటానన్నారు. ఇన్‌కాయిస్ హెచ్చరిక ఉంటే రద్దు. వచ్చేవాళ్ళు ఇక్కడే చెప్పండి.

పెన్నా_మాస్టారు
సోమవారం, రాత్రి 9.58

నేను వస్తాను. ఎవరి బైకు మీదైనా చోటు ఉంటే చెప్పండి.

రుషికొండ_రాజు
సోమవారం, రాత్రి 10.04

మాస్టారూ, నెల్లూరు నుంచి రైల్లో వచ్చేయండి, ఒంగోలు స్టేషన్ నుంచి నేను తీసుకెళ్తా. మా చెల్లి కూడా వస్తానంటోంది.

నెల్లూరు_లాంగ్‌బోర్డ్
సోమవారం, రాత్రి 10.20

నేనూ వస్తా. పాకల తమ్ముడూ, నీ దగ్గర ఒక బోర్డు, ఒక జత ఫిన్లు ఎక్కువ ఉంటే తీసుకురా. ఆ ఒడ్డు విరుపులో నాకు నిలబడే దారి లేదు, మీరు అందులో ఏం చూస్తున్నారో చూడాలని ఉంది. నా తొమ్మిదడుగుల బోర్డు ఆ రోజు నీది, తిన్నె మీద ఎంతసేపైనా ఉంచుకో. లేచి నిలబడటం నేను పక్కనుండి చూపిస్తా.

పాకల_ఉప్పుగాలి
సోమవారం, రాత్రి 10.31

తప్పకుండా అన్నా. చెప్పుల సైజు ఎంత? ఫిన్లు వదులైతే ఒడ్డు విరుపు లాగేసుకుంటుంది, బిగుతైతే మడమ ఒరుసుకుపోతుంది. పల్చటి సాక్సు ఒక జత తెచ్చుకోండి.

నెల్లూరు_లాంగ్‌బోర్డ్
సోమవారం, రాత్రి 10.33

తొమ్మిది. సాక్సు తెస్తా.